ఉద్యోగం వదిలి సామాజిక వ్యాపారంలోకి రావాలా? – నిర్మాణ కూలీల పసిపిల్లల సంరక్షణ కేంద్రం గురించి సలహా కోరుతున్నాను

పెన్నాతీరం (బెంగళూరు)

అందరికీ నమస్కారం. మాది అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక పల్లె. పదేళ్లకు పైగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వర్తూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండే కుటుంబాల్లో మా వైపు వాళ్లు, ఆదోని వైపు వాళ్లు, నారాయణపేట వైపు వాళ్లు చాలామంది ఉన్నారు. ఆదివారాలు కొందరు స్నేహితులతో కలిసి ఆ పిల్లలకు చదువు చెబుతున్నాను. ఈ పనిలో పడిన తర్వాత నాకు తెలిసిందేమిటంటే, బడి ఈడు పిల్లలకన్నా పసివాళ్ల పరిస్థితే ఎక్కువ కష్టంగా ఉంది. తల్లి ఇటుకలు మోస్తుంటే ఏడాదిన్నర బిడ్డ ఇసుక కుప్ప పక్కన ఆడుకుంటుంది. లేకపోతే ఏడేళ్ల అక్క బడి మానేసి ఆ బిడ్డను చంకనేసుకుని తిరుగుతుంది. దగ్గరలో అంగన్‌వాడీ ఉన్నా, పని ముగిసే వేళకు చాలా ముందే అది మూసేస్తారు. మూడేళ్ల లోపు పిల్లలను రోజంతా చూసుకునే ఏర్పాటు అక్కడ లేదు.

పొద్దున్న పని మొదలయ్యేటప్పటి నుంచి సాయంత్రం తల్లి తిరిగివచ్చేదాకా తెరిచి ఉండే సంరక్షణ కేంద్రాలు సైట్లలోనే నడపాలని నా ఆలోచన. ఒక కేంద్రానికి లెక్క వేసి చూశాను. ముప్పై మంది పిల్లలకు ముగ్గురు కార్యకర్తలు కావాలి. ఒక్కొక్కరికి నెలకు 16,000 చొప్పున 48,000 రూపాయలు. ఇరవై ఆరు రోజుల తిండికి, పాలకు బిడ్డకు రోజుకు 40 చొప్పున 31,200. పర్యవేక్షణ, వైద్యుడి రాక, మందులు, శుభ్రత కలిపి మరో ఇరవై వేలు. మొత్తం నెలకు దాదాపు లక్ష రూపాయలు.

ఉద్యోగం వదిలితే రెండేళ్ల ఇంటి ఖర్చుకు సరిపోయే పొదుపు ఉంది, కానీ ఇంటి అప్పు ఇంకా తీరలేదు. మా వారు సరే అన్నారు, నాన్నగారు ససేమిరా ఒప్పుకోవడం లేదు. ఇది వ్యాపారంగా నిలబడే పనేనా, లేక విరాళాల మీదనే నడవాల్సిన పనా అన్నది తేల్చుకోలేకపోతున్నాను. సౌరదీపాలు అమ్మే సెల్కో, అరవింద్ కంటి ఆసుపత్రుల వంటి వాటి గురించి చదివినప్పుడు ధైర్యం వస్తుంది. నా లెక్కల కాగితం ముందు పెట్టుకున్నప్పుడు ఆ ధైర్యం నిలవడం లేదు. ఈ దారిలో నడిచినవారు, నడిచి వెనక్కి వచ్చినవారు, మొహమాటం లేకుండా చెప్పగలరని ప్రార్థన.

లెక్కలపుస్తకం (జయనగర్, ఆడిటర్)

పెన్నాతీరం గారూ, ఇలాంటి ఆలోచనతో నా దగ్గరికి వచ్చేవారు ట్రస్టు పెట్టాలా, కంపెనీ పెట్టాలా అనే ప్రశ్నతోనే మొదలుపెడతారు. డబ్బు ఎవరి దగ్గర నుంచి వస్తుందో ముందు తేలితే ఆ ప్రశ్నకు జవాబు దానంతటదే దొరుకుతుంది.

సేవ అందుకునేవారో, వారి తరఫున మరొకరో రుసుము చెల్లించేటట్టయితే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చాలు. పెట్టుబడి తీసుకోవచ్చు, అప్పు తీసుకోవచ్చు. విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు కావాలంటే మాత్రం ట్రస్టు, సొసైటీ, లేదా 2013 కంపెనీల చట్టం కింద సెక్షన్ 8 కంపెనీ ఉండాలి. సెక్షన్ 8 కంపెనీ లాభం ఆర్జించవచ్చు కానీ దాన్ని సభ్యులకు డివిడెండుగా పంచకూడదు. ఆదాయపు పన్ను శాఖ దగ్గర సంస్థకు పన్ను మినహాయింపు, దాతలకు పన్ను రాయితీ ఇచ్చే నమోదులు (1961 చట్టంలో 12ఏబీ, 80జీ), ఆ తర్వాత కంపెనీల రిజిస్ట్రార్ దగ్గర సీఎస్ఆర్-1 నమోదు చేయించాలి. అన్నీ చేసినా కొత్త సంస్థకు ఆ నిధులు వెంటనే రావు, ఎందుకంటే అటువంటి పనిలో మూడేళ్ల అనుభవం చూపించాలన్న నిబంధన ఉంది. విదేశీ విరాళాలకు కూడా మూడేళ్ల ఉనికి, ఆ కాలంలో కనీసం 15 లక్షల ఖర్చు చూపించాలి. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అందులో పరిపాలన ఖర్చు 20 శాతానికి మించకూడదు. మీ పొదుపు రెండేళ్లకు సరిపోతుందన్నారు. ఈ రెండు తలుపులూ తెరుచుకునేది మూడేళ్ల తర్వాత.

మరొక ముఖ్యమైన విషయం. బిల్డర్ తన సీఎస్ఆర్ నిధుల నుంచే మీ కేంద్రానికి ఇస్తాడని మీరు అనుకుంటూ ఉండవచ్చు. చట్టప్రకారం తాను చేయాల్సిన పనికి పెట్టే ఖర్చును ఏ కంపెనీ కూడా సీఎస్ఆర్ కింద చూపించుకోకూడదని ఆ నియమాల్లోనే ఉంది. పెద్ద సైట్లలో పిల్లల గది ఏర్పాటు చేయడం యజమాని చట్టబద్ధమైన బాధ్యత. కనుక ఆ సొమ్ము అతని నిర్మాణ వ్యయంలో నుంచే రావాలి.

సామాజిక సంస్థలు నిధులు సేకరించుకునే సోషల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ గురించి ఎవరైనా చెబితే, అది కూడా మొదటి మెట్టు కాదు. 2023 డిసెంబరులో దాని మీద మొట్టమొదట నమోదైనది మన బెంగళూరు సంస్థే, ఎస్‌జీబీఎస్ ఉన్నతి ఫౌండేషన్. కానీ అప్పటికే అది అనుభవం ఉన్న సంస్థ.

తొలకరి

అక్కా, ఇంతగా ఆలోచిస్తే ఎవరూ ఏ పనీ మొదలుపెట్టలేరు. ఒక సైటులో ఒక గది తెరవండి, మిగతా దారి నడుస్తుంటే కనిపిస్తుంది. నా వంతుగా ప్రతి శనివారం రావడానికి సిద్ధంగా ఉన్నాను.

నల్లరేగడి (సహకార బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, ప్రస్తుతం బెంగళూరు)

అమ్మా పెన్నాతీరం, మీ సంకల్పం చూసి సంతోషం కలిగింది. తొలకరి గారి ఉత్సాహం కూడా నాకు నచ్చింది, అయితే పసిపిల్లల విషయంలో మొదలుపెట్టి మధ్యలో మానేయడం అసలు మొదలుపెట్టకపోవడం కన్నా చెడ్డది. మీ కేంద్రాన్ని నమ్మి తల్లి పనికి ఒప్పుకుంటుంది. నాలుగో నెలలో మీరు తలుపు మూస్తే ఆ బిడ్డ మళ్లీ ఇసుక కుప్ప దగ్గరే ఉంటుంది.

సామాజిక వ్యాపారం అన్న మాట వినగానే నాకు 2010 గుర్తుకు వస్తుంది. మన తెలుగు నేల మీదనే 1990ల చివర స్వచ్ఛంద సంస్థగా మొదలైన ఎస్‌కేఎస్, పేద మహిళలకు చిన్న అప్పులు ఇస్తూ పెరిగి, లాభాపేక్ష కంపెనీగా మారి, 2010 ఆగస్టులో షేర్ మార్కెట్టుకు వెళ్లింది. అప్పటికి పల్లెల్లో ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థలు అప్పులిచ్చి, వారం వారం వసూలుకు వచ్చేవి. వసూళ్ల ఒత్తిడి, ఆత్మహత్యల వార్తల నడుమ అదే ఏడాది అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది, ఆ తర్వాత వసూళ్లు దాదాపు ఆగిపోయాయి. వాళ్లందరూ చెడ్డ ఉద్దేశంతో మొదలుపెట్టారని నేను అనను. పెట్టుబడి పెట్టినవాడు వేగంగా పెరగమంటాడు. పేదరాలి చెల్లింపు శక్తి ఆ వేగంతో పెరగదు. ఆ రెండింటి మధ్య నలిగిపోయేది ఆమె.

ఇదే నేల మీద మరో ఉదాహరణ ఉంది. ములుకనూరు సహకార సంఘం 1956లో మొదలై ఇప్పటికీ నిలిచి ఉంది, ఎందుకంటే అప్పు తీసుకునే రైతే దాని యజమాని. ఆ ప్రాంతంలోనే 2002లో మహిళలు తమ సొంత పాల డెయిరీ పెట్టుకున్నారు. అక్కడ నిర్ణయాలు సభ్యులవి, లాభమూ సభ్యులదే.

అందుచేత, మీరు ఏ రూపం ఎంచుకున్నా, బయటి పెట్టుబడిదారుడి సొమ్ముతో పిల్లల కేంద్రాలు తెరవవద్దని నా మనవి. పిల్లల సంఖ్య పెంచమని, కార్యకర్తల సంఖ్య తగ్గించమని అడిగే రోజు తప్పక వస్తుంది.

కావేరిగట్టు (బెంగళూరు, పిల్లల సంక్షేమ రంగంలో ఉద్యోగిని)

నేను చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ముందుగా, ఈ ఆలోచనకు యాభై ఏళ్లకు పైగా చరిత్ర ఉంది. 1969లో ఢిల్లీలో, గాంధీ శతజయంతి ప్రదర్శన కోసం పని జరుగుతున్న చోట కూలీల పిల్లలను చూసి మీరా మహదేవన్ గారు మొబైల్ క్రెషెస్ ప్రారంభించారు. సైటు మారితే కేంద్రం కూడా మారుతుంది కనుక ఆ పేరు. ఆ తర్వాత ముంబయి, పుణెలలో కూడా ఈ పని సాగింది. అంటే మీరు శూన్యం నుంచి కనిపెట్టాల్సినది చాలా తక్కువ. పనివేళలు, తిండి పట్టిక, ఎదుగుదల నమోదు, కార్యకర్తల శిక్షణ, బిల్డర్‌తో ఒప్పందం, ఇవన్నీ ఎవరో ఒకరు అనుభవంతో తయారుచేసి ఉంచినవే.

సెల్కో, అరవింద్‌ల గురించి మీరు రాసిన మాట మీద నేను ఎక్కువగా ఆలోచించాను. 1976లో మదురైలో డాక్టర్ వెంకటస్వామి గారు పదకొండు పడకలతో అరవింద్ ప్రారంభించారు. డబ్బిచ్చే రోగుల నుంచి వచ్చే మిగులుతో ఉచిత శస్త్రచికిత్సలు జరుగుతాయి. 1992లో ఆరోల్యాబ్ పెట్టి కంటిలో అమర్చే కటకాన్ని తామే తయారుచేయడంతో దాని ఖర్చు బాగా తగ్గింది. ఒక నిపుణుడైన వైద్యుడి సమయాన్ని పొదుపుగా వాడి రోజుకు ఎక్కువ శస్త్రచికిత్సలు చేయించే పద్ధతి కూడా వారి బలం. మన పనిలో ఈ మూడింటిలో ఒక్కటీ కుదరదు. డబ్బిచ్చే తల్లులు, ఇవ్వలేని తల్లులు ఒకే షెడ్డులో ఉండరు. పసిబిడ్డను ఎత్తుకునే చేతుల ఖర్చును ఏ యంత్రమూ తగ్గించలేదు. ఒక కార్యకర్త పది మందికి బదులు ఇరవై ఐదు మంది పసివాళ్లను చూస్తే అది పొదుపు కాదు, నిర్లక్ష్యం. సెల్కో విషయం కూడా వేరు: 1995 నుంచి వారు సౌరదీపాలు అమ్ముతున్నారు, కొనేవారికి గ్రామీణ బ్యాంకుల అప్పు ఇప్పించి వాయిదాల్లో కట్టే వీలు కల్పించారు. కిరోసిన్‌కు పెట్టే ఖర్చు మిగులుతుంది కనుక వాయిదా కట్టగలుగుతారు. సంరక్షణ కేంద్రం విషయంలో తల్లి దగ్గర అలా మిగిలే ఖర్చు ఏదీ లేదు.

కనుక చెల్లించాల్సినవాడు బిల్డరే. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే, యాభై మందికి మించి మహిళలు పనిచేసే చోట ఆరేళ్ల లోపు పిల్లలకు గదులు ఏర్పాటు చేయాలని ఉండేది. ఆ చట్టాన్ని 2020 నాటి కార్మిక స్మృతిలో కలిపారు. కాగితం మీద ఉన్న ఈ బాధ్యత సైటులో ఎందుకు కనిపించదంటే, పని అంతా వేర్వేరు మేస్త్రీల మధ్య ముక్కలుగా పంచబడి ఉంటుంది. ఎవరి దగ్గర చూసినా పదిహేను మంది, ఇరవై మంది ఆడవాళ్లే లెక్కకు వస్తారు.

మీరు విరాళాలతో సైటులో కేంద్రం నడిపితే బిల్డర్ సంతోషంగా గది ఇస్తాడు, ప్రారంభోత్సవానికి కూడా వస్తాడు. కానీ తాను భరించాల్సిన ఖర్చును దాతలు భరిస్తున్నారన్న సంగతి అలాగే మిగిలిపోతుంది. నా దృష్టిలో మీ నిర్ణయానికి ఇదే కీలకం. మీరు వ్యాపారం అన్న మాటను గట్టిగా పట్టుకోవాలి, అయితే మీ ఖాతాదారు తల్లి కాదు, బిల్డర్. అతనికి మీరు ఒక సేవ అమ్ముతున్నారు. చట్టం పాటింపు, ప్రమాదాలు జరగని సైటు, ఆడ కూలీల నిలకడ అతనికి దక్కుతాయి. కేంద్రం ఉన్న చోట తల్లులు పని మధ్యలో వదిలిపోవడం తగ్గుతుందని సైటు ఇంజనీర్లే నాతో చెప్పారు.

పెన్నాతీరం

కావేరిగట్టు గారూ, మీ జవాబు చదివి మళ్లీ లెక్క వేశాను. తల్లి రోజుకు పది రూపాయలు ఇచ్చినా, ముప్పై మందికి నెలకు వచ్చేది 7,800 రూపాయలు. లక్షలో దాదాపు పదమూడో వంతు. రెండు వందల ఫ్లాట్ల ప్రాజెక్టు తీసుకుందాం. ఒక్కో ఫ్లాటు 80 లక్షలు అనుకుంటే మొత్తం అమ్మకం విలువ 160 కోట్లు. రెండున్నరేళ్ల పాటు కేంద్రం నడపడానికి అయ్యేది 30 లక్షలు. అంటే వంద రూపాయలకు పందొమ్మిది పైసలు. ఈ అంకె ఇంత చిన్నదని ఇన్నాళ్లూ నాకు తట్టలేదు. ఇంత చిన్న మొత్తాన్ని కూడా ఎందుకు చెల్లించరన్నదే ఇప్పుడు నా ప్రశ్న.

మద్రాసు రేవు (చెన్నై)

చెల్లించగలగడం వేరు, చెల్లించడం వేరు. చెన్నైలో నేను కొన్నేళ్లు ఒక చిన్న సంస్థ నడిపి, దాన్ని మరొక పెద్ద సంస్థకు అప్పగించి, తిరిగి ఉద్యోగంలో చేరాను. పని మీద నమ్మకం పోయి కాదు. నెల నెలా జీతాలు ఇవ్వాల్సిన సంస్థకు ఏడాదికి రెండు విడతల్లో వచ్చే డబ్బు ఎలా సరిపోదో అనుభవంలోకి వచ్చింది కనుక.

సీఎస్ఆర్ సొమ్ము ఆర్థిక సంవత్సరాన్ని బట్టి నడుస్తుంది. మార్చితో పాత ఒప్పందం ముగుస్తుంది, కొత్తది కమిటీల దగ్గర తిరిగి సంతకం అయ్యేసరికి చాలాసార్లు వర్షాకాలం దాటిపోతుంది, ఆ మీదట మళ్లీ మార్చి లోగా అంతా ఖర్చు చేసి రసీదులు ఇవ్వమంటారు. మధ్యలో ఉన్న నెలల జీతాలు సంస్థ పెట్టినవారి జేబులోంచి పోతాయి. బిల్డర్ల చెల్లింపులు ఇంతకన్నా ఆలస్యమైనా ఆశ్చర్యం లేదు, ఎందుకంటే వాళ్లు సిమెంటు, ఇనుము ఇచ్చినవాళ్లకే గడువు దాటించి ఇస్తారు. కాబట్టి కనీసం ఆరు నెలల నిర్వహణ ఖర్చును ఇంటి పొదుపుతో కలపకుండా విడిగా పెట్టుకోనిదే మొదలుపెట్టకండి. ఒక కేంద్రానికి అది ఆరు లక్షలు.

ఒకే దాత మీద ఆధారపడటం గురించి ఒక మాట. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో సత్యం రాజు గారి కుటుంబం ఆధ్వర్యంలో మొదలైంది. 2009 జనవరిలో సత్యం కంపెనీ కుంభకోణం బయటపడినప్పుడు ఆ సేవ ఏమవుతుందోనని అందరూ భయపడ్డారు. నిర్వహణ వ్యయంలో ఎక్కువ భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తూ ఉండటం, తర్వాత జీవీకే బాధ్యత తీసుకోవడం వల్ల అది నిలిచింది. మీ మొదటి బిల్డర్ ప్రాజెక్టు అమ్ముడుపోక ఆగిపోతే మీ కేంద్రం పరిస్థితి ఏమిటో ఇప్పుడే ఆలోచించండి.

ఇంట్లో మాట కూడా చెబుతాను. మీ నాన్నగారి అభ్యంతరాన్ని పాతకాలపు భయమని పక్కన పెట్టకండి. ఎంత కాలం, ఎంత సొమ్ము, ఏ అంకె దాటితే ఆపుతారు అన్నవి కాగితం మీద రాసి ఆయనకు చూపించండి. మా ఇంట్లో ఆ కాగితం ఉండబట్టే మా మధ్య గొడవలు రాలేదు.

పాలమూరు పిల్ల (బెంగళూరు, నర్సు)

ఇక్కడ అందరూ డబ్బు గురించి రాశారు. నేను తల్లుల వైపు నుంచి రాస్తాను. మా అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగి పనిచేసినవాళ్లే. నేను మా తమ్ముణ్ణి ఎత్తుకుని తిరిగిన అక్కను.

గుంపు మేస్త్రీ ఊళ్లోనే బయానా ఇచ్చి కుటుంబాలను తీసుకువస్తాడు. అతను ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోవాలి. ఈ నెల వర్తూరులో ఉన్న కుటుంబం వచ్చే నెల దేవనహళ్లి వైపు ఉండవచ్చు. మీరు బిల్డర్‌తో ఒప్పందం చేసుకున్నా, మేస్త్రీకి ఇష్టం లేకపోతే తల్లి బిడ్డను పంపదు. ఆడవాళ్లు పాలివ్వడానికి మాటిమాటికీ పని వదిలి వెళతారని అతని బెంగ. కాబట్టి బిల్డర్ ఆఫీసుకు వెళ్లడానికి ముందే మేస్త్రీల దగ్గర కూర్చుని మాట్లాడండి.

పొద్దున్న ఎనిమిదికి హాజరు పడుతుంది. కేంద్రం తొమ్మిదికి తెరిస్తే ఎవరికీ ఉపయోగం లేదు. బిడ్డతో మాట్లాడేవారికి తెలుగు రావాలి, ఆ షెడ్లలో కన్నడం, హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే పిల్లలూ ఉంటారు కనుక ముగ్గురు కార్యకర్తల్లో ఒక్కరైనా ఆ షెడ్లలోంచే రావాలి. చదువుకున్న అమ్మాయి ఎంత మంచిదైనా, జ్వరమొచ్చిన బిడ్డను తల్లి తన షెడ్డు పక్కన ఉండే ఆవిడకే ఇస్తుంది.

తల్లుల దగ్గర డబ్బు తీసుకోవద్దని నేను అనను. రోజుకు ఐదు రూపాయలు ఇచ్చినా అడిగే హక్కు వస్తుంది. మా అమ్మ అయితే ఇచ్చేది, ఇచ్చి గంజి పలచగా ఉందని నిలదీసేది కూడా.

నల్లరేగడి

పాలమూరు పిల్ల రాసిన మాట చదివాక నా మనవికి ఒక చేర్పు. మీ సంస్థ పాలకవర్గంలో షెడ్లలో ఉండే తల్లులకు ఇద్దరికైనా చోటు ఇవ్వండి. వాళ్లు ఊరు మారినా, ఆ స్థానంలో మరో ఇద్దరు వస్తారు.

లెక్కలపుస్తకం

నల్లరేగడి గారి భయం, కావేరిగట్టు గారి సూచన రెండింటికీ చోటు ఉన్న ఒక ఏర్పాటు ఈ ఊళ్లోనే ఉంది. చెత్త ఏరుకునే కార్మికులతో పనిచేసే హసిరు దళ, వారి హక్కులు, గుర్తింపు, పిల్లల చదువు వంటి పనులను లాభాపేక్ష లేని సంస్థగా చేస్తుంది. అపార్ట్‌మెంట్లకు రుసుము తీసుకుని చెత్త సేకరించే పనిని హసిరు దళ ఇన్నోవేషన్స్ అనే వేరే కంపెనీ చేస్తుంది. మీరు కూడా బిల్డర్‌కు బిల్లు వేసే పనిని, విరాళం అవసరమయ్యే పనిని వేర్వేరు పుస్తకాల్లో పెట్టవచ్చు. అయితే ఇది మొదటి రోజే చేయాల్సినది కాదు. రెండు సంస్థలంటే రెండు ఆడిట్లు, రెండు పాలకవర్గాలు.

నిర్మాణ వ్యయంలో ఒక శాతం సెస్సుగా కార్మిక సంక్షేమ బోర్డుకు చేరుతుంది. ఆ సొమ్ము కార్మికులకు అందకుండా ఉండిపోతోందని 2018లో సుప్రీంకోర్టు తీవ్రంగా తప్పుపట్టింది. ఆ నిధి మీద మీ ఏడాది లెక్క కట్టకండి, కానీ ఆ బోర్డు దగ్గర తల్లుల నమోదు మాత్రం చేయించండి. గడిచిన పన్నెండు నెలల్లో తొంభై రోజుల పని చూపిస్తే నమోదుకు అర్హత ఉంటుంది. మేస్త్రీ సంతకం పెట్టడానికి వెనకాడతాడు, అక్కడ మీ సాయం కావాలి.

పెన్నాతీరం

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలుగా ఈ జవాబులన్నీ మా వారితో కలిసి చదివాను, నాన్నగారికి ఫోనులో చదివి వినిపించాను.

ఇప్పుడే రాజీనామా చేయడం లేదు. సంస్థ నమోదు కూడా చేయడం లేదు. ఇప్పటికే ఈ పని చేస్తున్న ఒక సంస్థ దగ్గర జీతం లేని సెలవు మీద మూడు నెలలు పనిచేయడానికి అనుమతి అడిగాను. మా కంపెనీ ఒప్పుకుంది. ఆ కాలంలో ఇద్దరు బిల్డర్లతో, వారి కింద ఉన్న మేస్త్రీలతో మాట్లాడతాను. కార్యకర్తల జీతాలు, తిండి ఖర్చు కలిపి నెలకు 79,200 రూపాయలు తన నిర్మాణ ఖాతాలోంచి ఇస్తానని ఒక్క బిల్డర్ రాతపూర్వకంగా ఒప్పుకున్న రోజున ఉద్యోగం వదులుతాను. మిగిలిన ఇరవై వేలకు మేము స్నేహితులం హామీ ఉంటాం. మద్రాసు రేవు గారు చెప్పిన ఆరు లక్షలు విడిగా పెట్టిన తర్వాతే తలుపు తెరుస్తాం. ఏడాదిన్నర గడిచేసరికి రెండో బిల్డర్ దొరక్కపోతే, నడుస్తున్న కేంద్రాన్ని అనుభవం ఉన్న సంస్థకు అప్పగించి నేను ఉద్యోగంలోకి తిరిగి వెళతాను. ఈ షరతులన్నీ కాగితం మీద రాసి నాన్నగారికి పంపాను. ఆయన ఇంకా సరేననలేదు కానీ, బిల్డర్ ఒప్పందం కాపీ తనకు చూపించమన్నారు.

ఒక్క సందేహం మిగిలింది. బిల్డర్‌ను ఏ దశలో కలవాలి? పని సగంలో ఉన్న ప్రాజెక్టులో అడగవచ్చా?

కావేరిగట్టు

సగంలో ఉన్న ప్రాజెక్టులో అడిగితే గది దొరుకుతుంది, డబ్బు దొరకదు. ప్రధాన గుత్తేదారుకు పని అప్పగించే ముందు తయారయ్యే అంచనాల పట్టికలో కూలీల షెడ్లు, మరుగుదొడ్లు, తాగునీరు, భద్రతా సామగ్రి అన్నీ ఒక్కొక్క పద్దుగా ఉంటాయి. పిల్లల కేంద్రం కూడా అక్కడ ఒక పద్దుగా చేరాలి. చేరితే నెల నెలా బిల్లుతో పాటు సొమ్ము వస్తుంది; చేరకపోతే ప్రతి నెలా ఎవరో ఒకరి దయ మీద ఆధారపడాలి. కాబట్టి పునాది తవ్వకం మొదలుకాని ప్రాజెక్టులు వెతకండి, అమ్మకాల విభాగాన్ని కాకుండా ఒప్పందాలు చూసే అధికారిని కలవండి. ఆయన ముందు మీ పందొమ్మిది పైసల లెక్క పెట్టండి. మేస్త్రీలందరి దగ్గర ఉన్న ఆడవాళ్లను కలిపి లెక్కించాలన్న మాటను ఒప్పందంలోనే రాయించండి. మా దగ్గర వాడే ఒప్పందం నమూనా ఒకటి ఉంది. పేర్లు తీసేసి మీకు ఈ వారంలో పంపుతాను. మీ సెలవు ఏ తేదీ నుంచో చెబితే, కొత్త కార్యకర్తల శిక్షణ ఆ రోజులకే కుదిరేలా మా వాళ్లతో మాట్లాడతాను.